2002 పోర్షే బాక్స్‌స్టర్ ఎస్: లక్ష మైళ్లు దాటాక ఇంజిన్ సంగతి

3.2 లీటర్ల ఫ్లాట్ సిక్స్ (ఆరు సిలిండర్లూ పడుకుని ఉండే ఇంజిన్), 250 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. 62 వేల మైళ్ల దగ్గర కొన్న బండి ఇప్పుడు లక్షా 31 వేలు దాటింది, ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు. సీట్లు, టాపు, స్టీరింగ్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను మనవాళ్లు అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, ఆ ఐఎంఎస్ బేరింగ్ భయం నిజమేనా?"

నిజమే. కాకపోతే ఎంతవరకు నిజమో తెలియాలి. ఈ ఎం96 ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ కింద ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఐఎంఎస్ అంటే అదే) అని ఇంకోటి తిరుగుతుంది. వాల్వులు తెరిచే క్యామ్‌లను తిప్పే చెయిన్లు దాని మీదుగానే పోతాయి. గేర్‌బాక్స్ వైపు దాని చివర ఒక బాల్ బేరింగ్ ఉంటుంది, గ్రీజు నింపి రెండు పక్కలా సీలు వేసింది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంజిన్ ఆయిల్ సీలు దాటి లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. చేరిన ఆయిల్ సరిగ్గా బయటికి రాదు, అక్కడే నల్లబడి పాడవుతుంది. బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగడం మొదలైతే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆ తర్వాత ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తొలి బండ్లలో రెండు వరసల బాల్స్ ఉన్న బేరింగ్ వేశారు. 2000, 2001 ప్రాంతంలో ఒకే వరసకు మార్చి 2005 దాకా అదే కొనసాగించారు. గొడవంతా ఎక్కువగా ఈ ఒంటి వరస దానితోనే. అమెరికాలో 2001 నుంచి 2005 మోడళ్ల మీద క్లాస్ యాక్షన్ కేసు (యజమానులందరి తరఫున కలిపి వేసేది) నడిచింది. ఒంటి వరసవి 8 శాతం దాకా పోతాయని, రెండు వరసలవి ఒక శాతం లోపేనని అప్పుడు వినబడిన లెక్క. అంటే నూటికి 90 పైగా బండ్లు బాగానే తిరిగాయి. అలాగని ఇంజిన్ మొత్తం పోయే రిస్కుకి 8 శాతం చిన్నదనీ నేను అనను.

నా బండికి క్లచ్ మార్చాల్సి వచ్చినప్పుడే బేరింగ్ కూడా మార్పించాను. గేర్‌బాక్స్ దించితే తప్ప అది కనబడదు కాబట్టి రెండూ కలిపి చేయిస్తేనే కూలి కలిసొస్తుంది. మూడు వేల డాలర్ల పైన అయింది. తీసిన పాత బేరింగ్‌ని మెకానిక్ నా చేతిలో పెట్టాడు. చిన్న స్క్రూడ్రైవర్‌తో సీలు లేపి చూస్తే లోపల గ్రీజు అన్నదే లేదు, ముక్కవాసన కొట్టే నల్లటి ఆయిల్ మాత్రం ఉంది. బాల్స్ నున్నగానే ఉన్నాయి. అవి తిరిగే దారిలో వెంట్రుకంత సన్నటి గీత ఒకటి పడింది. వేలితో తిప్పితే గరుకు తగలలేదు. ఇంకో పాతిక వేల మైళ్లు వచ్చేదేమో, రేపే పోయేదేమో, చూసి చెప్పడం కుదరదన్నాడాయన. దాని స్థానంలో సిరామిక్ బాల్స్ ఉన్నది వేయించాను.

ఇన్నేళ్లలో నిజంగా డబ్బు తిన్నవి ఇనుప భాగాలు కావు, రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు. వెనక డిక్కీలో ఉండే కూలెంట్ ట్యాంకు పగిలి కార్పెట్ తడిసింది. స్పార్క్ ప్లగ్ గొట్టాల ఓ రింగులు గట్టిపడి ఆయిల్ చెమ్మ వచ్చింది. వాటర్ పంపును ఆగిపోకముందే మార్చేయడం మంచిది. దాని రెక్కలు ప్లాస్టిక్‌వి, విరిగితే ముక్కలు కూలెంట్ దారుల్లోకి పోయి ఇరుక్కుంటాయి. ఇంజిన్ ఆవిర్లలోంచి ఆయిల్‌ని విడదీసే ఆయిల్ సెపరేటర్ ఒకసారి చిరిగి వీధి మొత్తం తెల్లటి పొగ కమ్మేసింది. మా ఆవిడ బండి అంటుకుందనుకుని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. పొద్దున స్టార్ట్ చేయగానే కొంచెం పొగ రావడం పడుకుని ఉన్న సిలిండర్ల ఇంజిన్‌కు మామూలే, కంగారు అక్కర్లేదు. పొగ ఆగకుండా వస్తూ, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయబోతే లోపలికి గట్టిగా పీల్చుతుంటే మాత్రం సెపరేటర్ పోయినట్టే.

ఇంజిన్ ఆరోగ్యం తెలుసుకోవడానికి నేను నమ్మేది ఆయిల్ ఫిల్టర్‌ని. కంపెనీ పుస్తకంలో ఆయిల్ మార్పుకు 15 వేల మైళ్లని రాశారు. నా దృష్టిలో అది ఈ ఇంజిన్‌కు చేసిన అన్యాయం. నేను 5 వేలకు మారుస్తాను, తొమ్మిది లీటర్ల దాకా పడుతుంది. తీసిన ఫిల్టర్ కాగితాన్ని కత్తిరించి, ఆయిల్ పిండేసి, మడతలు విప్పి ఎండలో పరుస్తాను. గోధుమరంగు ప్లాస్టిక్ నలుసులు ఒకటీ అరా కనబడితే అవి చెయిన్ గైడ్ల అరుగుదల, ఈ వయసుకు సహజం. అయస్కాంతానికి అంటుకునే మెరుపు కనబడితే మాత్రం బండి ఆపేయాలి. అంటుకోని మెరుపు అల్యూమినియంది, అదీ వదిలేసేది కాదు.

సిలిండర్ గోడల మీద గీతలు పడటం ఇంకో జబ్బు. ఇదే కుటుంబానికి చెందిన పెద్ద పోర్షే 911 ఇంజిన్లలో ఎక్కువ, బాక్స్‌స్టర్‌లో తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ బోరుకొస్తే రీబోర్ కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి పంపిస్తారు. ఇక్కడ అంత తేలిక కాదు, ఈ అల్యూమినియం బ్లాకుల గోడలో కలిసి ఉండే సిలికానే అరుగుదలను ఆపేది. అది పోతే కొత్త స్లీవులు (సిలిండర్ లోపల వేసే గొట్టాలు) దించాలి, ఆ ఖర్చుకి ఇంకో బాక్స్‌స్టర్ వస్తుంది. అందుకే చల్లటి ఇంజిన్‌ని తొక్కను. కూలెంట్ టెంపరేచర్ ముల్లు పైకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఈ బండిలో ఆయిల్ టెంపరేచర్ చూపే మీటరే లేదు. ముల్లు నిలబడ్డాక ఇంకో పది నిమిషాలు నిదానంగా నడిపి, ఆ తర్వాత 7 వేల ఆర్‌పీఎం దాకా లాగుతాను. అలా లాగడం ఈ ఇంజిన్‌కు మంచిదే, పైగా వెనకనుంచి వచ్చే ఆ శబ్దం కోసమే కదా కొన్నది. టెక్సాస్ ఎండలకు ఇంకో పని కూడా ఉంటుంది: ముందు బంపర్ విప్పి, రేడియేటర్లకూ ఏసీ కండెన్సర్లకూ మధ్య పేరుకున్న ఆకులూ చెత్తా తీయించాలి.

నేను కొనేముందు రెండు బండ్లు చూశాను. ఒకటి 24 వేల మైళ్లే తిరిగి గ్యారేజీలో మెరిసిపోతోంది. దాని టైరు మీద నాలుగంకెల తేదీ చూస్తే పదేళ్ల కిందటిది, సర్వీసు కాగితాలు రెండే. రెండోది ఇది: పెయింట్ మీద రాళ్ల దెబ్బలు, ఫైలు నిండా బిల్లులు. వాడని బావి నీళ్లు పాచిపట్టినట్టు నిలబెట్టిన ఇంజిన్‌లో ఆయిల్, సీళ్లు పాడవుతాయి. ఆ బేరింగ్ కూడా తక్కువ తిరిగిన బండ్లలోనే ఎక్కువగా పోతుందని దీన్ని చూసే మెకానిక్కులు చెబుతారు. మైళ్లు తక్కువని ఎక్కువ ధర పెట్టకండి.

కొనేముందు లిఫ్ట్ ఎక్కించి చూపించండి, ఫిల్టర్ కోయించండి, కెమెరా వేసి సిలిండర్ గోడలు చూడమనండి. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కొద్దిగా చెమ్మ ఉంటే అది వెనక సీలు, క్లచ్‌తో పాటు మార్చేయొచ్చు. క్లచ్ ఎప్పుడు వేశారో, అప్పుడు బేరింగ్ మార్చారో లేదో బిల్లు చూపించమని అడగండి. బిల్లు లేకపోతే ఆ మూడు వేల డాలర్లూ ధరలో తగ్గించాకే బేరం ఖాయం చేసుకోండి.