ఫుకుషిమా ఐజు కొండల్లో శరదృతువు: ఏ ఎత్తుకి ఎప్పుడు, ఎక్కడ బస, కారుతో ఏం జాగ్రత్త

టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో గంటన్నర వెళ్తే ఫుకుషిమా స్టేషన్ వస్తుంది. అక్కడ కారు అద్దెకి తీసుకుని పడమటికి తిరిగితే అరగంటలో కొండ మొదలవుతుంది. అణు విద్యుత్ కేంద్రం గుర్తొచ్చి వెనకాడేవాళ్ళున్నారు. అది సముద్రం ఒడ్డున ఉంది. ఐజు దానికి సుమారు 100 కిలోమీటర్లు పడమట, రెండు కొండల వరుసలు దాటాక ఉంది. ఈ ఒక్క భయంతో చాలామంది ఈ ప్రాంతాన్ని వదిలేసి క్యోటో రద్దీలో నలిగిపోతున్నారు. జపాన్‌లో ఆకుల రంగులు చూడటానికి కారుంటే ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఇక్కడ ప్లాన్ వేసేటప్పుడు ముందు చూడాల్సింది ఎత్తు. రంగు కొండ పైన మొదలై నెల రోజులకు పైగా తీసుకుని కిందికి దిగుతుంది. 1,600 మీటర్ల ఎత్తున్న జోదోదైరా దగ్గర సెప్టెంబరు చివర్లోనే నానకమాదో చెట్లు ఎర్రబడతాయి, అక్టోబరు మధ్యకల్లా ఆకు రాలిపోతుంది. 800 మీటర్ల దగ్గర ఉన్న ఉరబందాయ్ సరస్సుల చుట్టూ అక్టోబరు మూడో, నాలుగో వారాల్లో నిండుగా ఉంటుంది. తదామి నది లోయకి, ఐజు వకమాత్సు ఊరికి నవంబరు మొదటి వారాలు. సెలవు ఒక్క వారమే దొరికితే అక్టోబరు ఆఖరి వారం పెట్టుకోండి. శిఖరాలు బోడిగా ఉన్నా నడిమి కొండలు, లోయలు రెండూ దక్కుతాయి. అక్టోబరు మొదటి వారంలో వెళ్ళేవాళ్ళు పైనే తిరగాలి, కిందంతా ఇంకా పచ్చగానే ఉంటుంది.

ముందు లైసెన్సు సంగతి. మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందిది కాబట్టి జపాన్‌లో చెల్లుతుంది. దాంతోపాటు అసలు లైసెన్సు, పాస్‌పోర్టు కూడా చూపించాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు అక్కడి పర్మిట్ తీసుకుంటే సరిపోతుంది. జర్మనీ లైసెన్సు ఉన్నవాళ్ళకి మాత్రం అక్కడి పర్మిట్ పనికిరాదు, లైసెన్సుకి జపనీస్ అధికారిక అనువాదం చేయించుకోవాలి. కౌంటరు దగ్గరికి వచ్చాక ఈ విషయం తెలిస్తే ఆ రోజు పోయినట్టే.

కారు ఎంచుకునేటప్పుడు అద్దె తక్కువని 660 సీసీ చిన్న కారు తీసుకోవద్దు. నలుగురు, నాలుగు సూట్‌కేసులు ఎక్కితే కొండ ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తుంది తప్ప బండి కదలదు. 1.2 నుంచి 1.5 లీటర్ల కారు సరిపోతుంది. నవంబరులో అయితే మంచు టైర్లు అడిగి వేయించుకోండి, వాటిని అక్కడ స్టడ్‌లెస్ అంటారు. ఆరేళ్ళలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, బుకింగులోనే చెప్పాలి. ఇన్సూరెన్సు ఉన్నా, ప్రమాదం తర్వాత కారు అద్దెకి పనికిరాకుండా ఆగిన రోజులకి చాలా కంపెనీలు విడిగా వసూలు చేస్తాయి. కారు నడిచే స్థితిలో తిరిగొస్తే 20,000 యెన్‌లు, రాకపోతే 50,000 మామూలు లెక్క. రోజుకి కొద్దిగా కట్టి దాన్ని మాఫీ చేయించుకోవచ్చు, కొండదారికి అది కట్టడమే మంచిది. చిన్న గీత పడ్డా 110కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే ఇన్సూరెన్సు వర్తించదు.

బండి ఎడమవైపు నడుస్తుంది, స్టీరింగు కుడివైపు, కాబట్టి మనవాళ్ళకి కొత్తేమీ కాదు. పొరపాట్లు వేరేచోట జరుగుతాయి. ఎర్ర లైటులో ఎడమకి తిరగకూడదు. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం కనిపిస్తే చక్రాలు పూర్తిగా ఆగాలి. రైల్వే గేటు తెరిచే ఉన్నా పట్టాల ముందు ఆగి, అటూ ఇటూ చూసి కదలాలి. తదామి లైను వెంట ఇలాంటి గేట్లు వస్తూనే ఉంటాయి. నావిగేషన్‌లో ఊరి పేరు కొట్టే బదులు వెళ్ళే చోటి ఫోను నంబరు కొడితే నేరుగా గుమ్మం ముందుకి తీసుకెళ్తుంది. బంకులో ఎర్ర గొట్టం రెగ్యులర్ పెట్రోలు, పసుపు హై ఆక్టేన్, ఆకుపచ్చ డీజిలు. పల్లెల్లో బంకులు సాయంత్రమే మూస్తారు, ఆదివారం చాలావాటికి సెలవు. సగం ట్యాంకు ఉండగానే నింపుకోవడం అలవాటు చేసుకోండి.

మొదటి రోజుకి బందాయ్ అజుమా స్కైలైన్ అనే కొండదారి. తకాయు ఊరు నుంచి త్సుచియు కనుమ దాకా సుమారు 29 కిలోమీటర్లు, 2013 నుంచి టోలు లేదు. తకాయు వైపు నుంచి ఎక్కితే ముందు ఫుదోసావా వంతెన వస్తుంది. పక్కనే బండి ఆపే చోటుంది, లోయలోకి చూపు దూరంగా పోతుంది. ఆ పైన చెట్లు తగ్గిపోయి బూడిదరంగు రాళ్ళు మొదలవుతాయి, గంధకం వాసన కొడుతుంది. ఇక్కడ ఆగవద్దు, అద్దాలు ఎత్తి ఉంచండని బోర్డులుంటాయి. నేల నుంచి వచ్చే వాయువులు ప్రమాదకరం కాబట్టి ఫొటో కోసం కూడా ఆపకూడదు. జోదోదైరాలో బండి పెట్టి మెట్లెక్కితే పది నిమిషాల్లో అజుమా కోఫుజి అగ్నిపర్వతం నోటి అంచుకి చేరతారు. అంచు చుట్టూ నడవడానికి ముప్పావుగంట చాలు, కానీ గాలి బలంగా వీస్తే పిల్లలతో చుట్టు తిరగవద్దు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. హైబ్రిడ్ కారుకి గేరు బీలో, మిగతావాటికి ఎల్ లేదా ఎస్‌లో వేయండి. నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా ఈ దారి మూసేస్తారు. అంతకుముందే మంచు పడి ఒకటి రెండు రోజులు మూయడమూ ఉంటుంది, కాబట్టి ఆ ఉదయమే కనుక్కుని బయల్దేరండి. మూసి ఉంటే 115 నంబరు రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు.

కనుమ దిగాక లేక్‌లైన్ దారి పట్టాలి. నకత్సుగావా లోయ దగ్గర వంతెన పక్కన ఆగి కాసేపు కిందికి దిగండి. మొత్తం యాత్రలో ఎరుపు, పసుపు, రాయి, నీళ్ళు ఒకేచోట కుదిరిన దృశ్యం ఇదే. ఈ సరస్సులన్నీ 1888 జులై 15న బందాయ్ పర్వతం ఉత్తర భాగం పేలి కూలినప్పుడు నదులకి రాళ్ళు అడ్డుపడి పుట్టినవే. గోషికినుమా మడుగులు కూడా అప్పటివే. వాటి నీలి ఆకుపచ్చ రంగుకి కారణం నీళ్ళలో తేలే అతి సన్నని ఖనిజ కణాలు. అవి నీలం వెలుగుని చెదరగొడతాయి. కాలిబాట ఒకవైపు సుమారు 3.6 కిలోమీటర్లు, గంటంబావు నడక. కారు ఒక చివర పెట్టి, ముందు బస్సులో అవతలి చివరకి వెళ్ళి, నడుచుకుంటూ కారు దగ్గరికి రండి. నడిచాక బస్సు కోసం చూస్తే గంటలు పోతాయి. ఎలుగుబంట్లు నిద్రకాలానికి ముందు బీచ్ కాయల కోసం తిరిగే రోజులివి. సంచికి గంట కట్టుకోండి, తెల్లవారుజామున, మునిచీకట్లో ఒంటరిగా బాటలోకి వెళ్ళకండి.

బస విషయానికొస్తే, తకాయు సత్రాల్లో స్నానం అన్నిటికన్నా గొప్పది. పాలలా తెల్లని గంధకపు నీళ్ళు, వేడి ఒంట్లోకి దిగిపోతుంది. నీళ్ళలోకి దిగేముందు వెండి మెట్టెలు, పట్టీలు తీసి పెట్టుకోవాలి, లేకపోతే నల్లబడతాయి. ఉరబందాయ్‌లో పెన్షన్ అని పిలిచే చిన్న బస ఇళ్ళు కుటుంబాలకి అనువు. భోజనం లేకుండా కూడా గది ఇస్తారు, ఉదయాన్నే మడుగుల దగ్గరికి అందరికన్నా ముందు చేరొచ్చు. రెండు రాత్రులు ఇక్కడే ఉండమని నా సలహా. ఐజు వకమాత్సులో బిజినెస్ హోటళ్ళు చవక, కానీ పొద్దున కొండకి చేరడానికే గంట పడుతుంది. శరదృతువులో కొండ సత్రాల గదుల్లోకి కంపు పురుగులు దూరతాయి. వాటిని నలపకూడదు, గదిలో ఉంచిన జిగురు టేపుకి అంటించి పడేయాలి. గదిలో టేపు ఎందుకుందో తెలియక కొందరు పురుగుని నలిపి రాత్రంతా ఇబ్బంది పడతారు.

శాకాహారులకి సత్రం భోజనం కష్టమే. దాదాపు ప్రతి పులుసులోనూ దాషి అనే చేప రసం ఉంటుంది. కూరగాయల పులుసులా కనిపించే కోజుయు కూడా ఎండు ఆల్చిప్పల రసంతో కాస్తారు. ఐజులో పచ్చి గుర్రపు మాంసం కూడా వడ్డిస్తారు. బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, దాషి మూడూ వద్దని విడివిడిగా రాయండి. అప్పుడు కూడా ఒప్పుకోని చోట భోజనం లేని గదే మేలు. సాయంత్రం 6 గంటల భోజనానికి ఆలస్యంగా చేరితే తినడానికేమీ మిగలదు. యనైజు ఊళ్ళో కొర్రలతో చేసే అవా మంజు అనే తీపి వేడిగా తినాల్సిందే. టోఫు, మోచి (బియ్యపు ముద్దలు) పుల్లలకి గుచ్చి తీపి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రాసి కాల్చే డెన్‌గాకు కూడా దొరుకుతుంది, మిసోలో చేప కలిపారేమో ఒక్కసారి అడగండి.

తదామి నది మీద మొదటి రైలు వంతెన చూడటానికి మిషిమా రోడ్డు విశ్రాంతి కేంద్రంలో బండి పెట్టి మెట్ల బాట ఎక్కాలి. రైళ్ళు రోజుకి కొన్నే. 2011 వరదల్లో తెగిన లైను 2022 అక్టోబరు 1న పూర్తిగా తెరుచుకుంది. స్టేషన్ టైము కాకుండా వంతెన దాటే టైము రాసిన కాగితం చూసి వెళ్ళండి. ఉదయం గాలి లేనప్పుడు వంతెన నీడ నదిలో చక్కగా పడుతుంది.

ఓఉచి జుకు గడ్డికప్పు ఇళ్ళ వీధి శని, ఆదివారాల్లో చేరడమే కష్టం. యునోకామి నుంచి వెళ్ళే ఒకే దారిలో కార్లు బారులు తీరతాయి. 9 గంటలకన్నా ముందే చేరి, వీధి చివరి మెట్ల పైనుంచి ఊరు చూసి, దుకాణాలు తెరిచాక ఉల్లికాడతో తినే సోబా నూడుల్స్ తిని బయటపడండి. నవంబరు మొదట్లో 4:45కే చీకటి పడుతుంది. మలుపుల దారిలో రోజుకి 100 కిలోమీటర్లకి మించి పెట్టుకోకండి. వంతెనల మీద రాత్రి తడి ముందు గడ్డకడుతుంది. కారు బుల్లెట్ రైలు ఆగే కోరియామాలో అప్పగిస్తే తిరుగు ప్రయాణం దగ్గరవుతుంది కానీ ఇంకో ఊళ్ళో వదిలినందుకు రుసుము పడొచ్చు, బుకింగులోనే చూసుకోండి. ట్యాంకు నింపిన రసీదు దాచుకోండి, కౌంటరులో అడుగుతారు.