వేసవి సెలవులకు అండమానా, లక్షద్వీపా?

మే నెలలో విశాఖ ఉక్కపోత తట్టుకోలేక దీవులకు వెళ్తే చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. రెండు చోట్లా పగలు 30 డిగ్రీలు దాటుతుంది, ఆర్కే బీచ్‌లో లాగే అక్కడా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అసలు తేడా వాన దగ్గరే.

నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందుగా తాకేది అండమాన్ నికోబార్ దీవులనే, మామూలుగా మే మూడో వారంలో. సముద్రం పోటెత్తితే అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లే ఫెర్రీలు రద్దవుతాయి, స్కూబా కోసం వెళ్లిన పిల్లలు గదిలో కిటికీ పట్టుకుని కూర్చోవాలి. పైగా బంగాళాఖాతంలో అది తుపాన్ల కాలం. 2022 మేలో అసని తుపాను అండమాన్ వైపు నుంచే మన తీరం దాకా వచ్చింది.

లక్షద్వీప్‌కు రుతుపవనాలు కొంచెం ఆలస్యంగా, ఇంచుమించు కేరళతో పాటు వస్తాయి. అలాగని మే నెల నిశ్చింత కాదు, 2021లో తౌక్టే తుపాను ఆ దీవులను వణికించింది. పైగా అక్కడికి వెళ్లాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి, ఎక్కువగా కొచ్చి మీదుగానే వెళ్లాలి.

నన్నడిగితే, ఏప్రిల్‌లో అయితే అండమానే. మన వైజాగ్ నుంచి అప్పుడప్పుడు ఓడ కూడా ఉంటుంది. మే 15 దాటితే మాత్రం పిల్లలతో రెండింటికీ వద్దు. టికెట్లు ఇప్పటికే కొనేసి ఉంటే, బయల్దేరే ముందు వాతావరణ శాఖ ఇచ్చే మత్స్యకారుల హెచ్చరికలు తప్పకుండా చూడండి.