మడతలు పడ్డ అసలు పోస్టరా, మెరిసే లామినేషన్ పోస్టరా: ఏది మేలు?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒకే పాత సినిమా పోస్టర్లు రెండు కనబడ్డాయనుకోండి. ఒకటి మడతల దగ్గర రంగు రాలి, అంచులు చిరిగి ఉంది. రెండోదానికి మరకన్నది లేదు, పైన లామినేషన్. అసలుదని తేలితే కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకోండి.

మడతను లోపంగా లెక్కేయొద్దు. ప్రెస్సు నుంచి డిస్ట్రిబ్యూటరుకూ, అక్కణ్ణించి థియేటరుకూ పోస్టర్లు మడతలతోనే వెళ్ళేవి. ఆ మడత మీద వేలు పెట్టి మెల్లగా జరపండి. అసలుదైతే గీత చేతికి తగులుతుంది, సిరా రాలినచోట కాగితం పీచు లేచి ఉంటుంది. నకలులో మడత కూడా బొమ్మతోపాటే అచ్చయి ఉంటుంది. కంటికి గీత, వేలికి నున్నన. వెనక్కి తిప్పితే అటు మడత జాడే ఉండదు.

తర్వాత పదిరెట్ల భూతద్దం. రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చేసే రాతి లిథోలో క్రేయాన్ గీసినట్టు గరుకు మచ్చలు, మామూలు ప్రెస్సు అచ్చైన ఆఫ్‌సెట్‌లో వరుసలు తీరిన చుక్కలు, ఇంక్‌జెట్‌లో చల్లినట్టు చెదిరిన చుక్కలు కనబడతాయి. అన్నిటికన్నా నమ్మదగ్గ చోటు అడుగున ఉండే ప్రెస్సు పేరు, చిరునామా. అసలుదాంట్లో ఆ చిన్న అక్షరాలు నిండు సిరాతో ఉంటాయి. స్కాన్ చేసి వేసినదాంట్లో అవీ చుక్కలుగా విడిపోయి, అంచుల్లో రంగులు తొంగిచూస్తాయి.

ఆ లైనులోనే కాలమూ తెలుస్తుంది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, మద్రాసు పేరు 1996లో చెన్నైగా మారింది. 1960ల సినిమా పోస్టరు మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది తొలి విడుదలది కాదు. అంతమాత్రాన దొంగదీ కాదు, రీ-రిలీజుకు వేసింది కావచ్చు. ఆ మాట చెప్పి, ఆ ధరకే ఇస్తే నిరభ్యంతరంగా కొనొచ్చు. తొలి విడుదల ధర మాత్రం ఇవ్వొద్దు. 1957 నాటి ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చింది 2010లో. రంగుల సినిమా అని ఆ పోస్టరు చెబితే ఏ కాలానిదో వేరే చెప్పక్కర్లేదు. అయితే పోస్టరు రంగుల్లో ఉందని అనుమానపడొద్దు, నలుపు తెలుపు సినిమాలకూ రంగుల పోస్టర్లే వేసేవారు.

వయసు రంగు కూడా చూడాలి. పాత కాగితం అంచుల్లోనూ మడతల్లోనూ ఎక్కువ ముదురుతుంది, లోపల తక్కువ. కాగితమంతా ఒకే గోధుమరంగైతే టీ డికాక్షన్‌లో ముంచారేమో అనుకోండి.

ఇక లామినేషన్. లోపలున్నది నిజంగా అసలుదే అయినా, వేడితో అతికిన ఆ ప్లాస్టిక్‌ను ఊడబీకితే సిరా కూడా దాంతోనే వస్తుంది. ఫెవికాల్‌తో గుడ్డకు అంటించినా దాదాపు అంతే. గోధుమ గంజితో వెనక పలచని జపాన్ కాగితం, ఆపైన గుడ్డ వేసి అతికినది మేలు, నీటి తడితో విప్పుకోవచ్చు. సెల్లోటేపు వేసినది బేరమాడాల్సిన సరుకు: టేపు ఊడినా పసుపు జిగురు మరక పోదు.

ఫ్రేములో ఉన్నదైతే డబ్బు ఇచ్చేముందే బయటికి తీయించి వెనక భాగం చూడండి. తీయనంటే వదిలేయండి.