పెట్రోలు కారుకు ఎల్‌పీజీ కిట్టా, సీఎన్‌జీ కిట్టా, ఉన్నదున్నట్టు పెట్రోలేనా: ఏది మేలు?

పెట్రోలు కారుకు గ్యాసు కిట్టు పెట్టిద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది కిట్టు ధర. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీరు రోజూ తిరిగే దారిలో ఏ గ్యాసు బంకుంది? నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఈ రెండూ తేల్చుకోకుండా షెడ్డుకు వెళ్తే, అక్కడ ఏ కిట్టు స్టాకుంటే అదే మీకు మంచిదని చెప్పి పంపిస్తారు.

లెక్కతో మొదలుపెడదాం. లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తి లీటరు ఎల్‌పీజీలో లేదు, దాదాపు ముప్పావు వంతే ఉంటుంది. అందుకే పెట్రోలు మీద 16 ఇచ్చే బండి ఎల్‌పీజీ మీద 12, 13కు దిగుతుంది. ఎల్‌పీజీ ధర పెట్రోలులో ముప్పావు వంతు దాటిందంటే కిట్టు ఉన్నా లేకున్నా ఒకటే. మూడింట రెండొంతుల కంటే తక్కువుంటేనే ఆలోచించండి. సీఎన్‌జీని లీటర్లలో కాక కిలోల్లో పోస్తారు. కిలో గ్యాసు దాదాపు లీటరున్నర పెట్రోలు పని చేస్తుంది. అదే బండి కిలోకు 22 దాకా ఇస్తుంది.

పెట్రోలు 107, ఎల్‌పీజీ 65, సీఎన్‌జీ కిలో 95 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో ఇవాళ్టి ధరలు వేసుకుని మళ్లీ చూసుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు సుమారు 6,700, ఎల్‌పీజీకి 5,200, సీఎన్‌జీకి 4,300 అవుతాయి. గ్యాసు బండి కూడా పొద్దున్నే పెట్రోలు మీదే స్టార్టవుతుంది కాబట్టి రెండింటికీ మరో రెండు మూడొందలు కలపండి. అంటే ఎల్‌పీజీతో నెలకు మిగిలేది 1,200, సీఎన్‌జీతో 2,100. ఎల్‌పీజీ కిట్టుకు 40 వేలు, సీఎన్‌జీ కిట్టుకు 60 వేలు పెట్టారనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఎల్‌పీజీకి రెండున్నరేళ్ల పైనే, సీఎన్‌జీకి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. అదే నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఏడాదిలో వచ్చేస్తుంది. ఆదివారం గుడికి, నెలకోసారి అత్తారింటికి తీసే కారుకు కిట్టు పెట్టించడం దండగ అని నేను గట్టిగా చెప్పేది అందుకే. అలాంటివాళ్లకు పెట్రోలే మేలు.

ఈ లెక్క చూస్తే సీఎన్‌జీయే గెలిచినట్టుంది. నిజమే, ఖర్చు వరకు అదే గెలుస్తుంది. కానీ కారు నడిపేది కాగితం మీద కాదు కదా.

సీఎన్‌జీని 200 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లోకి ఎక్కిస్తారు. ఎల్‌పీజీ అయితే ట్యాంకులో ద్రవంగా ఉంటుంది, ఒత్తిడి మామూలుగా పది బార్ల లోపే. ఈ ఒక్క తేడా నుంచే మిగతా తేడాలన్నీ పుట్టాయి. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే మందపాటి ఉక్కు సిలిండర్ కావాలి, అది డిక్కీలో సగం పైగా ఆక్రమిస్తుంది. పెళ్లికి నలుగురు బయల్దేరితే సూట్‌కేసులు ఒళ్లో పెట్టుకోవాలి. ఎల్‌పీజీకి మధ్యలో చిల్లున్న గారె ఆకారపు ట్యాంకు దొరుకుతుంది. అది స్టెప్నీ గుంటలో కూర్చుంటుంది, డిక్కీ ఖాళీగానే ఉంటుంది. అయితే స్టెప్నీని పైన పెట్టుకోవాలి, లేదంటే పంక్చర్ కిట్టుతో సరిపెట్టుకోవాలి.

బంకు దగ్గర కూడా ఇదే తేడా. ఎల్‌పీజీ పట్టడానికి పెట్రోలుకు పట్టేంత సమయం చాలు. నాజిల్ బిగించి, మీటర్ తిరిగి, ట్యాంకు ఎనభై శాతం నిండగానే లోపలి వాల్వు దానంతటదే ఆపేస్తుంది. నాజిల్ తీసేటప్పుడు బుస్సుమని కాస్త గ్యాసు వదులుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఎండకు ద్రవం ఉబ్బుతుంది కాబట్టి ఆ మిగతా ఇరవై శాతం ఖాళీ ఉండి తీరాలి. "ఇంకో రెండు లీటర్లు కొట్టు తమ్ముడూ" అని బంకు కుర్రాణ్ని బతిమాలొద్దు. సీఎన్‌జీ దగ్గర క్యూ తప్పదు. పైగా పైపులైను లేని బంకులకు లారీల మీద సిలిండర్లలో గ్యాసు వస్తుంది. సాయంత్రానికి అక్కడ ఒత్తిడి పడిపోయిందంటే, ఎనిమిది కిలోలు పట్టాల్సిన సిలిండర్ ఆరుతోనే ఆగిపోతుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో సీఎన్‌జీ పోయించుకునే ఆటో అన్నలను అడగండి, ఏ బంకులో ఏ వేళకు ప్రెషర్ ఉంటుందో కరెక్టుగా చెబుతారు. కిట్టు అమ్మేవాడి మాటకంటే వాళ్ల మాట నమ్మొచ్చు. హైదరాబాద్‌లో ఎల్‌పీజీ ఆటోలు కూడా ఉన్నాయి కాబట్టి ఆ బంకుల సంగతీ వాళ్లనే అడగండి.

పికప్ విషయంలో ఎల్‌పీజీది పైచేయి. గ్యాసు ఇంజిన్‌లోకి వెళ్లేటప్పుడు గాలి ఉండాల్సిన చోటును కొంత ఆక్రమిస్తుంది. ఎల్‌పీజీ నాలుగు శాతం దాకా, సీఎన్‌జీ తొమ్మిది పది శాతం దాకా. ఊళ్లో రెంటికీ తేడా తెలియదు. అరకు ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో ఏసీ వేసి అయిదుగురితో ఎక్కితే మాత్రం సీఎన్‌జీ బండిని సెకండ్ గేర్‌లో బతిమాలుకోవాలి. అలాంటి చోట పెట్రోలుకు మార్చుకోవడమే మంచిది.

భద్రత గురించి రెండు వైపులా వట్టి మాటలు చాలా వినబడతాయి. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, కారిందంటే పైకి పోతుంది. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, కారిందంటే నేలను పట్టుకుని పల్లంలో చేరుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో గాలాడని సెల్లార్ పార్కింగ్ ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. వాసన వస్తే లైటు కూడా వేయకుండా ట్యాంకు వాల్వు కట్టేసి, చేతులతో తోసుకుంటూ బండిని బయటకు తీసుకురావాలి. ఆమోదం ఉన్న ట్యాంకు, తెలిసిన చేతుల ఫిట్టింగు ఉంటే రెండూ నమ్మకంగా నడుస్తాయి.

అసలు ప్రమాదం వంటగ్యాసుతో. ఇది చెప్పకుండా ఎల్‌పీజీ గురించి రాయకూడదు. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ను తలకిందులు చేసి, చిన్న మోటారుతో కారు ట్యాంకులోకి ఎక్కించే పని మన పట్టణాల్లో సందుల్లో ఇంకా జరుగుతోంది. వంటగ్యాసును వాహనాల్లో వాడకూడదని 2001లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మోటారు నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. ఎనభై శాతం దగ్గర ఆపే వాల్వు లేని ట్యాంకులు బిగించి, వెనక సీట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని బడికి తిరిగే వ్యాన్లు ఉన్నాయి. మీ పిల్లలు వెళ్లే వ్యాను ఏ గ్యాసు మీద నడుస్తుందో, ఎక్కడ పోయిస్తారో ఇవాళే అడగండి. ఆటో ఎల్‌పీజీ (వాహనాల కోసం అమ్మే ఎల్‌పీజీ) బంకు దగ్గర్లో లేని ఊళ్లో ఎల్‌పీజీ కిట్టు పెట్టించారంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ సందులోకి వెళ్లాల్సి వస్తుంది. అలాంటి ఊళ్లో ఆ ఆలోచనే మానుకోండి.

ఇక కిట్టుల్లో రకాలు. కార్బొరేటర్ కాలం నాటి మిక్సర్ కిట్టు చవక, కానీ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌కు, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే ఇంజిన్‌కు, అది పనికిరాదు. అందులో గ్యాసు ఇన్‌టేక్ మేనిఫోల్డ్ నిండా ఉంటుంది కాబట్టి ఒక్క బ్యాక్‌ఫైర్‌తో ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతుంది. సీక్వెన్షియల్ కిట్టు ఇంజిన్‌లోని ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్‌తో, దాని సొంత ఈసీయూతో (చిన్న కంప్యూటర్‌తో) పనిచేస్తుంది. లొవాటో, బీఆర్‌సీ లాంటి ఇటలీ పేర్లు మన షెడ్లలో అందరికీ తెలిసినవే. మా పాత వేగనార్‌లో ఉన్నది ఈ రకమే. పొద్దున్నే పెట్రోలు మీద స్టార్టవుతుంది, రేడియేటర్ నీళ్లు వెచ్చబడి రెడ్యూసర్‌ను (గ్యాసు ఒత్తిడి తగ్గించే భాగాన్ని) వేడి చేశాక టక్కుమని సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే గ్యాసు వాల్వు) శబ్దం, డ్యాష్‌బోర్డు మీద దీపం రంగు మారుతుంది. స్టీరింగ్ చేతిలో ఉన్నవాడికి ఆ తర్వాత తేడా తెలియదు. తెలిసిందంటే ట్యూనింగ్ సరిగ్గా చేయలేదని అర్థం.

గ్యాసు పొడి ఇంధనం. ప్లగ్గులు బాగుండాలి, గ్యాప్ కాస్త తగ్గించాలి, ట్యాపెట్లు చేత్తో సర్దే ఇంజిన్ అయితే వాల్వు క్లియరెన్స్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్నని సందు) తరచూ చూపించాలి. గ్యాసు ఫిల్టర్ మార్చాలి. ట్యాంకులో పెట్రోలు అడుగంటనివ్వకూడదు, లేదంటే పంపు కాలిపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లకు ఈ మామూలు కిట్టు పెట్టించొద్దు. వారంటీ ఉన్న కొత్త కారుకూ వద్దు, వారంటీ పోతుంది.

కాగితాలు చూసుకోండి. 2000లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఎల్‌పీజీ కార్లకు దారి దొరికింది. 2006లో మారుతీ సంస్థ వేగనార్ డ్యుయోను కంపెనీ ఎల్‌పీజీతోనే తెచ్చింది. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెట్రోలు కార్లకు బయట కిట్టు పెట్టించుకునే వీలు మాత్రం 2022 ఆగస్టు నోటిఫికేషన్‌తోనే వచ్చింది. మీ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టే కావాలి. బిల్లు, ట్యాంకు సర్టిఫికెట్ తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద ఇంధనం మార్పించాలి, కారు మీద అప్పుంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ కావాలి. ఆ తర్వాత ఇన్సూరెన్స్‌లో కిట్టు విలువ చేర్పించండి. దాని ప్రీమియం పెద్దగా ఉండదు, కానీ చేర్పించకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, దాని ఖర్చూ లెక్కలో వేసుకోండి.

ఇంటికీ ఆఫీసుకూ మధ్య సీఎన్‌జీ బంకు ఉండి, నెలకు రెండువేల కిలోమీటర్లు దాటి తిరుగుతూ, డిక్కీతో పెద్దగా పనిలేనివాళ్లకు సీఎన్‌జీ. ఇంకో ఆర్నెల్లలో కారు మార్చే ఉద్దేశముంటే కిట్టు మానేసి కంపెనీ సీఎన్‌జీ బండే కొనండి. దారిలో ఆటో ఎల్‌పీజీ బంకు ఉండి, కుటుంబంతో, సామానుతో తరచూ ప్రయాణాలు చేసే పాత ఎంపీఎఫ్‌ఐ చిన్న కారుకు ఎల్‌పీజీ సీక్వెన్షియల్ కిట్టు. కారుకు పదమూడేళ్లు దాటి ఉంటే మాత్రం పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తారో లేదో ముందు ఇంట్లో తేల్చుకుని, తర్వాతే షెడ్డులో అడ్వాన్సు ఇవ్వండి.