ఇక్కడ ముందు పశువులు, తర్వాతే అతిథులు: కృష్ణ ఒడ్డు ఫామ్‌స్టేలో నాలుగేళ్లు

ఈ ఫామ్‌స్టేకు మేము 2021 చివరి నుంచి వెళ్తున్నాం. మొదట్లో పండక్కో సెలవులకో వెళ్లేవాళ్లం. తర్వాత ఏడాది సభ్యత్వం తీసుకుని వీలైన ప్రతి నెలా వెళ్లడం అలవాటైంది. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర ఎడమకు తిరిగి కరకట్ట పట్టుకుంటే కొల్లిపర వైపు హాయిగా సాగే ప్రయాణం. ఒక పక్క నది, మరో పక్క అరటి, పసుపు, కంద తోటలు. ఒక్క రాత్రి ఉండి వచ్చినవాళ్లు రాసిన సమీక్షలు చాలానే ఉన్నాయి. వాటిలో సగం కోపంతో, సగం మైమరపుతో ఉన్నాయి. రెండింటికీ కారణం ఒకటే. ఇది పశువుల కోసం నడిచే చోటు. మనం పక్కన ఉండి చూడవచ్చు, ఓపిక ఉంటే చేయి వేయవచ్చు. రిసార్టు అనుకుని వెళ్తే మొదటి రాత్రే గొడవ.

ముందు పశువుల పాక గురించి చెప్పాలి. ఒంగోలు ఆవులు, కొన్ని ముర్రా గేదెలు, ఒక జత గిత్తలు ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు తీయడం మొదలవుతుంది. ఒంగోలు ఆవు దూడ లేనిదే చేపదు, అంటే పొదుగులోకి పాలు దిగనివ్వదు. పశువుల పని చూసే పెద్దాయన పలుపు విప్పగానే దూడ ఒక్క ఉరుకున తల్లి దగ్గరకు చేరి, పొదుగును తలతో రెండుసార్లు కుమ్మి, చన్నులను ఒకదాని తర్వాత ఒకటి నోట పడుతుంది. దాని మూతికి నురగ కనిపించిందో లేదో ఆయన దాన్ని పక్కకు లాగి తల్లి ముందుకాలి దగ్గర కట్టేస్తాడు. ఆవు దూడ వీపు నాకుతూ నిలబడుతుంది, ఈలోగా చెంబులో పాల ధార చప్పుడు మారుతుంది. రెండు చన్నులు తీసి మిగతా రెండు వదిలేస్తాడు. "ఇంకో లీటరు వస్తుంది కదా బాబాయ్" అని మా బావమరిది అడిగితే, "వస్తుంది బాబూ, మరి దూడకు ఏం పెడతారు?" అన్నాడు. పొద్దున్నే కాఫీకి పాలు ఎప్పుడూ ఎందుకు తక్కువగా ఉంటాయో ఆ రోజు మాకు అర్థమైంది.

ఈ ఒంగోలు జాతే బ్రెజిల్ వెళ్లి, నెలోర్ అనే పేరుతో అక్కడి పశుసంపదకే వెన్నెముక అయింది. ఇక్కడ ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి, బండికి గిత్తల అవసరం తగ్గిపోయింది. గుంటూరు పల్లెల్లో వాటిని ఇంకా ముచ్చటపడి మేపుతున్నారంటే అందులో బండలాగుడు పోటీల పాత్ర పెద్దది. ఈ యజమానికీ ఆ పిచ్చి ఉంది. పోటీల్లో పళ్లను బట్టి, అంటే వయసును బట్టి విభాగాలు ఉంటాయి. ఈయన జత ఇప్పుడు నాలుగు పళ్ల విభాగానికి సిద్ధమవుతోంది. సాయంత్రం బండకు కట్టి ఇసుక బాటలో లాగిస్తారు, తర్వాత నదిలో ఈత కొట్టిస్తారు, రాత్రికి ఉడకబెట్టిన ఉలవలు పెడతారు. పోటీల మీద నాకు పెద్దగా ఇష్టం లేదు, కొరడా దెబ్బలు చూడలేను. ఇక్కడ సాధనలో కొరడా లేవడం నేనైతే చూడలేదు. పోటీ రోజు సంగతి అడిగితే మాత్రం ఆయన నవ్వి మాట మారుస్తారు.

ఇక పనుల సంగతి. ఎప్పుడు వెళ్లినా అక్కడ ఏదో ఒక కట్టుబడి సగంలో ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: పశువుకు కావలసిన పని చకచకా పూర్తవుతుంది, అతిథి కోసం మొదలుపెట్టింది మొండిగోడగా మిగులుతుంది. గోబర్ గ్యాస్ ప్లాంటు మా కళ్ల ముందే కట్టారు. 2 ఘనపు మీటర్ల దీనబంధు నమూనా (నేలలో ఇటుకలతో కట్టే గుమ్మటం), రోజుకు 50 కిలోల దాకా పేడ, దానికి సమంగా నీళ్లు కలిపి పోయాలి. టీ, పాలు, అన్నం దాని మీదే అవుతాయి. బయటికి వచ్చిన స్లరీ అరటి మొదళ్లకు పోతుంది. పక్కనే పొలానికి పోసే ద్రవ ఎరువు, జీవామృతం డ్రమ్ము: 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడలో ఉంచి పూటకోసారి కర్రతో తిప్పాలి. అతిథుల పిల్లలందరూ ముక్కు మూసుకుని మరీ ఈ పనికే పోటీపడతారు.

మంచె మీద గది కడతామన్నారు, నాలుగు సిమెంటు స్తంభాల దగ్గర ఆగింది. ఇప్పుడు వాటికి బట్టలు ఆరేసే తీగ కట్టారు. ఈత కొలను తవ్వారు, ఒక వేసవిలో గడ్డికి నీళ్లు చాలక దాన్నే నిల్వ చెరువుగా మార్చారు. అందులో ఈదుతున్నది గేదెలు. కొలను బొమ్మ మాత్రం బుకింగ్ పేజీలో ఇంకా అలాగే ఉంది, ఇది నాకు నచ్చలేదు. తీసేయమని చెప్పాను కూడా.

2024 సెప్టెంబరు వరదను ప్రస్తావించకుండా ఈ చోటు గురించి రాయలేం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎన్నడూ రాలేదు. వీళ్ల పొలం కరకట్టకు నది వైపున ఉంది. పశువులన్నిటినీ ముందే కట్ట మీదకు తోలి, పైన పట్టాలు కట్టి, వరిగడ్డి లారీలో తెప్పించి కాపాడుకున్నారు. ఒక్క దూడ కూడా పోలేదు. కానీ పసుపు దుంప కుళ్లిపోయింది, అరటి పడిపోయింది, మట్టిగోడల కుటీరం కూలింది. ముందుగా గది తీసుకున్నవారికి డబ్బు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. కష్టంలో ఉన్నవాళ్లను నిలదీయలేదు గానీ, ఒక్క ఫోను చేసి చెప్పి ఉంటే బాగుండేది.

నీరు తీశాక మొదట లేచింది ఏమిటో ఊహించే ఉంటారు: పశువుల పాక. నేలను నాలుగడుగులు ఎత్తు చేసి, పశువులు ఎక్కేందుకు వాలుగా బాట పోశారు. కుటీరం ఏడాది తర్వాత గానీ పూర్తి కాలేదు. దానికి తాటాకు కప్పు వేసే పనివాళ్లు దొరకడమే గగనమైంది. ఆ కప్పు రెండు మూడేళ్లకోసారి మార్చాలి కాబట్టి ఈ తిప్పలు మళ్లీ ఉంటాయి. రేకులు వేయమని బంధువులు పోరుతున్నా యజమాని భార్య ఒప్పుకోవడం లేదు. మే నెలలో ఆ కప్పు కింద మధ్యాహ్నం పడుకున్నవాళ్లెవరూ ఆమెతో వాదించరు.

తిండికి వంక పెట్టలేను. కంద బచ్చలి, అరటిపువ్వు కూర, గోంగూర, చలికాలంలో తేగలు, ఎండలకు ముంజలు. ఏ రోజు ఏమి వండుతారో పొలం చెబుతుంది, మీ కోరిక ఎవరూ అడగరు.

లోపాలు: దోమలు, వేడినీళ్లకు కట్టెల బాయిలరు, రెండు గదుల్లో ఫోను సిగ్నలు అందదు. అద్దె మేము మొదలుపెట్టినప్పటి కంటే బాగా పెరిగింది, వసతులు అంతగా పెరగలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు ఇబ్బంది. రాత్రి పాము కనిపించడం వింత కాదు, టార్చి లేకుండా గడప దాటవద్దు. ఆసుపత్రి కావాలంటే తెనాలి వెళ్లాలి.

వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోండి. తవ్విన పసుపును ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసి, దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డుకు పంపే రోజులవి. పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు నదిని నమ్మి ముందస్తు డబ్బు కట్టకండి. మొదటి గది గేదెల పాకకు ఆనుకుని ఉంటుంది, నది వైపు గది అడగండి. ఫోను మధ్యాహ్నం రెండు తర్వాత చేయండి, పొద్దున ఎవరూ ఎత్తరు.