మట్టి గ్రౌండ్‌కి ఇనుప స్టార్టింగ్ బ్లాక్సే మేలు

పరుగు పందెం మొదట్లో కాళ్లు ఆనించి తన్నడానికి వాడే స్టార్టింగ్ బ్లాక్స్‌ని స్పోర్ట్స్ షాపులో అడిగితే ముందు తళతళలాడే అల్యూమినియం సెట్టు చూపిస్తారు. రబ్బరులాంటి సింథటిక్ ట్రాక్ లేని డిగ్రీ కాలేజీకి కొంటున్నట్టయితే దాన్ని పక్కనపెట్టి, మూలన ఉన్న రంగేసిన ఇనుప సెట్టు తీయించండి. మోసేటప్పుడు పిల్లలు సణుగుతారు, సణగనివ్వండి.

తేడా అంతా మేకుల్లోనే. అల్యూమినియం సెట్టు అడుగున ఉండే పొట్టి పిన్నులు సింథటిక్‌ని కరుచుకోవడానికి చేసినవి. మట్టిలో అవి దువ్వెన పళ్ల పాటి. ఇనుప సెట్టులో నేలకి ఆనే నడిమి పట్టీకైతే ముందూ వెనకా మేకులు దిగే రంధ్రాలుంటాయి. సెట్టుతో వచ్చే మేకులు పొట్టివైతే ఇనుప సామాన్ల కొట్లో ఆరంగుళాలవి తెచ్చుకోవాలి. మేకు తల స్టార్టింగ్ లైను వైపు, మొన వెనక్కి ఉండేలా ఏటవాలుగా కొట్టాలి. షామియానా గూటం దించే పద్ధతే ఇది. కుర్రాడు వెనక్కి తన్నగానే పట్టీ ముందు కొస పైకి లేవబోతుంది కాబట్టి అక్కడి మేకు గట్టిగా ఉండటం ముఖ్యం. ముందురోజు సాయంత్రం లైను వెనక రెండు బిందెల నీళ్లు చల్లిస్తే తెల్లారేసరికి నేల పదును మీద ఉంటుంది. రోజూ అదే చోట కొడితే మాత్రం మట్టి గుల్లబారి మేకు పట్టు వదిలేస్తుంది. వారానికోసారి లైనునే అడుగు జరపండి.

మట్టి ట్రాక్‌తో ఈ బాధ పాతదే. బ్లాక్స్ రాకముందు పరిగెత్తేవాళ్లు తాపీతో ట్రాక్‌లోనే గుంటలు తవ్వుకుని కాళ్లు ఆనించేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్‌దీ అదే పద్ధతి. బ్లాక్స్‌కి 1929లో పేటెంట్ తెచ్చుకున్న జార్జ్ బ్రెస్నహన్, అమెరికాలో అయోవా యూనివర్సిటీ ట్రాక్ కోచ్. ఒలింపిక్స్‌లో వాటిని వాడనిచ్చింది మాత్రం 1948లోనే.

కొనేముందు షాపులోనే ప్యాడ్‌ని, అంటే పాదం ఆనించే పలకని, పట్టీకి బిగించి రెండు చేతులా ఊపి చూడండి. లొడలొడలాడితే వద్దు. వింగ్‌నట్‌తో (చేత్తో తిప్పే రెక్కల నట్టుతో) బిగించేవాటికంటే పట్టీ మీది గాడిలో కూర్చుని పిన్నుతో లాక్ అయ్యేవి నయం. వింగ్‌నట్ తన్నుల అదురుకి వదులై ప్యాడ్ వాలిపోతుంది. పిన్నుకి నైలాన్ తాడు కట్టి పట్టీకే ముడేయండి, లేకపోతే మొదటి వారమే గడ్డిలో పోతుంది.

గాళ్ల మధ్య దూరం కూడా చూడాలి. ముందు ప్యాడ్ లైనుకి రెండు పాదాలు, వెనకది మూడు పాదాల దూరంలో పెట్టడం మొదలుపెట్టేవాళ్లకి సరిపోయే లెక్క. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు బూటుతో కాదు, పరిగెత్తే పిల్లాడి పాదంతో కొలవాలి. ‘సెట్’ అన్నప్పుడు ముందు మోకాలు 90 డిగ్రీలు, వెనకది 120–130 డిగ్రీల దగ్గర ఉండేలా సర్దాలి. గాళ్లు దూరదూరంగా ఉంటే ఈ సర్దుబాటు కుదరదు. 200, 400 మీటర్లకి బ్లాక్‌ని లేన్ బయటి అంచు వైపు జరిపి, లోపలి గీతని తాకీ తాకకుండా దూసుకెళ్లే దిశలో తిప్పాలి. దీనికి సెట్టు బాగోగులతో పనిలేదు, కానీ చాలాచోట్ల తప్పుతున్నది ఇక్కడే.

ముందుగా చెడేది ప్యాడ్ మీది రబ్బరు. మట్టి ట్రాక్ మీద బూట్ల అడుగున ఉండే స్పైక్స్ పిన్నులకి 25 మిల్లీమీటర్ల పొడుగు దాకా అనుమతి ఉంది, సింథటిక్ మీద పరుగులకి 9 మాత్రమే. పొడుగు పిన్నులు పలచటి రబ్బరుని చీల్చుకుని ఇనుముకి తగిలి మొద్దుబారతాయి. గమ్ముతో అంటించిన ముక్క ఆగదు; పాత లారీ టైరు ముక్క కోయించి రివెట్లు కొట్టించండి.

పొద్దున్నే అయిదున్నరకి పిల్లలకంటే ముందొచ్చి, ప్రాక్టీస్ అయ్యాక మేకులు లెక్కపెట్టుకుని, మట్టి దులిపి నూనెగుడ్డతో తుడిచే పీడీ ఉన్న కాలేజీలో ఈ సెట్టు ఆయన రిటైరయ్యేదాకా ఉంటుంది. స్టోర్ రూములో తడిమట్టితో పడేస్తే వర్షాకాలానికే గాళ్లు తుప్పుతో పూడుకుపోతాయి.

సింథటిక్ మీద ప్రాక్టీసుకి వెళ్తే ఇనుప సెట్టుని కాలేజీలోనే వదిలి వెళ్లండి. అక్కడ మేకు దించితే ట్రాక్‌కి చిల్లే.