మెరుపు రిబ్బన్: ఎగిరొచ్చే పిట్టకి సరే, నడిచొచ్చే కొంగకి?

ఎరువుల కొట్లలోనూ ఆక్వా షాపుల్లోనూ చుట్టలుగా అమ్మే మెరుపు రిబ్బన్‌ని కోనసీమ వరిచేలకీ, భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకీ ఒకే పద్ధతిలో కట్టేస్తున్నారు. ఒకవైపు వెండి మెరుపు, రెండోవైపు ఎరుపు ఉన్న, పిట్టల్ని బెదరగొట్టే పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఇది. మార్కులు ముందే చెప్పేస్తే వరికి 5కి 3.5, చెరువుకి 5కి 2. రెండుచోట్లా సరుకు ఒకటే. తేడా అంతా వచ్చే పిట్ట ఎటునుంచి, ఎలా వస్తుందన్న దాంట్లో ఉంది.

దిష్టిబొమ్మ నెత్తినే కాకి వాలడం అందరూ చూసేదే. అది కదలదు కాబట్టి కాకికి అదొక గుంజ. గింజ తినే గిజిగాడు, జీనువాయి, రామచిలుక వంటివాటికి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ, రెండు కళ్ళూ కలిసి చూసే మేర ముందువైపు ఇరుకు. అందుకని ఎగిరేటప్పుడు పరిసరాలు ఎంత వేగంగా వెనక్కి జారుతున్నాయన్నది వాటికి పెద్ద ఆధారం. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి స్తంభాలు రయ్యిన పోతాయి, దూరపు కొబ్బరిచెట్లు తాపీగా కదులుతాయి. అదే లెక్క. శాస్త్రవేత్త మాండ్యం శ్రీనివాసన్ బృందం 2011లో ఆస్ట్రేలియాలో బడ్జీ చిలకల్ని ఇరుకు నడవాలో ఎగరనిచ్చి చూసింది. రెండు గోడలకీ నిలువు చారలుంటే మధ్యగా పోయాయి. ఒక గోడకి అడ్డచారలు పెడితే, ఆ గోడ కదిలినట్టు కనిపించక, దానివైపుకి జరిగిపోయాయి. తన మీదికి దూసుకొచ్చేదాన్ని పసిగట్టడానికైతే పక్షి మెదడులో ప్రత్యేకంగా కణాలే ఉన్నాయి. పావురాల్లో వీటిని 1992లో గుర్తించారు.

రిబ్బన్ బలమంతా ఇక్కడే. మెలిక తిరిగిన పట్టీ గాలికి ఊగితే వెలుగు దాని పొడవునా పరుగెడుతుంది. వాలబోయే గుంపుకి రెండు పక్కలా ఏదో కదిలి మీదికొస్తున్నట్టుంటుంది. మెలిక లేకపోతే అది ఉత్త తాడు.

చాలామంది చేసే తప్పు కూడా అదే, చదునుగా బిగించి లాగడం. సరుగుడు కర్రలో వెదురో మూడేసి బారలకి ఒకటి పాతి, రెండు కర్రల మధ్య పట్టీకి మూడు నాలుగు మెలికలు తిప్పాలి. మరీ బిగిస్తే ముడి దగ్గర తెగుతుంది, మరీ వదిలితే వెన్నులకి చుట్టుకుంటుంది. మధ్యలో వేలితో నొక్కితే జానెడు దిగేంత వదులు చాలు. ముడి వేసేచోట పాత గుడ్డపీలికో ఇన్సులేషన్ టేపో చుడితే కర్ర రాపిడికి కోసుకుపోదు. ఎత్తు వెన్నుల పైన అడుగు, అడుగున్నర. వరసలు ఉత్తర దక్షిణాలుగా వేస్తే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా పట్టీ ముఖానికి తగులుతాయి.

ఎంత కొనాలన్నది కొట్టువాళ్ళు సరిగ్గా చెప్పరు. ఎకరం చదరంగా ఉంటే భుజం సుమారు 64 మీటర్లు. గిజిగాళ్ళు, జీనువాయిల వంటి చిన్న పిట్టలకి వరసల మధ్య 3 మీటర్లు మించకూడదు. అంటే 22 వరసలు, మెలికలూ ముడులూ కలుపుకుని 1,500 మీటర్లు. 100 మీటర్ల చుట్టలైతే 15. చిలకల బెడదే అయితే 5 మీటర్ల ఎడం సరిపోతుంది, 9 లేక 10 చుట్టలతో అయిపోతుంది. ఖర్చు ఎక్కువనుకుంటే తాటిచెట్లు, కరెంటు తీగలు ఉన్న గట్టు వైపు మొదటి ఆరేడు వరసలు దగ్గరగా కట్టి మిగతాది వదిలేయొచ్చు. చిన్న పిట్టలు ఆ అంచునుంచే మొదలుపెడతాయి.

ఎప్పుడు కట్టాలన్నది ఇంకా ముఖ్యం. గింజ పాలుపోసుకోకముందే కట్టేసి, పిట్టలు నిజంగా వచ్చేనాటికి వాటికి అలవాటు చేసిపెట్టేవాళ్ళున్నారు. మెరుపుతో పాటు ఏ దెబ్బా తగలదని తెలిశాక రెండు మూడు వారాల్లో భయం పోతుంది. గింజ గట్టిపడటానికి పట్టేదీ ఇంచుమించు అంతే కాబట్టి పాలుపోసుకునే రోజున కట్టడమే లెక్క. వారానికోసారి వరసల ఎత్తు మార్చి, మధ్యలో వడిసెలో డప్పో తోడైతే ఇంకాస్త నిలుస్తుంది.

సార్వా (ఖరీఫ్) పంటకి దీని పని సగమే. నవంబరు, డిసెంబరు పొద్దుల్లో గాలుండదు, మంచు పడి పట్టీ తడిసి ముద్దవుతుంది. పిట్టలు దిగేది సరిగ్గా ఆ వేళకే. పొద్దున్నే ఒకడు గట్టు మీద నడుస్తూ కర్రతో వరసల్ని తట్టి నీళ్ళు దులిపితే తప్ప మెరవదు. మబ్బు పట్టినా అంతే. దాళ్వా (రబీ) కోతల ముందు మాత్రం పైరగాలి, ఎండ రెండూ ఉంటాయి కాబట్టి రిబ్బన్ గుయ్యిమంటూ బాగా పనిచేస్తుంది. 3.5లో ఎక్కువ భాగం దాళ్వాదే.

ఇక చెరువు. ఇక్కడ శత్రువు ఎగురుతూ వచ్చినా వేటాడేది నిలబడో నడిచో. గుడ్డికొంగ అని పేరు పెట్టినవాళ్ళు దాని ముందుకొచ్చిన చేపనడగాల్సింది. గట్టు వారన కదలకుండా నిలబడుతుంది. తను కదలదు కాబట్టి నీళ్ళలో కదిలిందల్లా ఇట్టే దొరుకుతుంది. నడుస్తూ వేటాడే తెల్లకొంగ తల ముందుకు విసిరి, ఒళ్ళు దాన్ని అందుకునేదాకా గాల్లో అక్కడే ఆపి ఉంచుతుంది. ఆ ఆగిన క్షణంలో దానికి లోకం నిలకడగా కనిపిస్తుంది. 1978లో కెనడా శాస్త్రవేత్త ఫ్రాస్ట్ పావురాల్ని తిరిగే బెల్టు మీద నడిపించాడు. చుట్టూ దృశ్యం మారకపోయేసరికి అవి తల ఊపడమే మానేశాయి. ఇలా నడిచొచ్చే పక్షికి పైన బారెడు ఎత్తులో మెరిసేది అడ్డం కాదు, కిందనుంచి వచ్చేస్తుంది. దానికి గట్టు వారన నీటి అంచుకి కాస్త ఇవతల నైలాన్ దారం రెండు వరసలు వేయాలి, జానెడు ఎత్తున ఒకటి, మోకాలి కింద ఒకటి. కాలికి తగిలితే వెనక్కి తగ్గుతుంది.

నీటికాకి వేరే రకం. అది నీళ్ళ మీద కాస్త పరుగెత్తి గాని లేవలేదు. చెరువు మీద అడుగున్నర ఎడంతో దారాలు వేస్తే దిగడానికీ లేవడానికీ జాగా చాలదు. సన్నటి దారంతో ఒక చిక్కుంది. చాలా పక్షులకి ఎగురుతున్నప్పుడు ముందువైపు చూపు పదును తక్కువ, పైగా కిందకి చూస్తుంటాయి. రాజస్థాన్‌లో బట్టమేక పిట్టలు కరెంటు తీగలకి గుద్దుకోవడానికి ఇదొక కారణం. దారాలకి బారకొక మూరెడు రిబ్బన్ ముక్క వేలాడదీస్తే దూరంనుంచే కనబడి పక్కకి తప్పుకుంటాయి. ఇచ్చిన ఆ 2 మార్కులు దీనికే. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్‌కి దగ్గర్లో మాత్రం ఒక్క ముక్కా కట్టొద్దు. తెగిపడితే షాఫ్ట్‌కి చుట్టుకుంటుంది. పక్క చెరువులో తెల్లమచ్చ వైరస్ జబ్బు తగిలిన రొయ్యని కాకి ఎత్తుకొచ్చి మీ నీళ్ళలో జారవిడిచే ప్రమాదానికి రిబ్బన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పైన దారాలు, గట్టు చుట్టూ పీతల కంచె ఉండి తీరాలి.

కొనేముందు వెండివైపు సెల్లోటేపు అంటించి లాగి చూడండి. పొడి ఊడొస్తే ఎండకి త్వరగా తెల్లబడిపోతుంది. చుట్ట మీద రాసిన పొడవుని నమ్మకుండా ఒకటి విప్పి కొలవాలి. కోత మిషన్ దిగే ముందురోజే అంతా తీసి చుట్టేయాలి. లేకపోతే ముక్కలు గడ్డిలో కలిసి, గడ్డివాములోంచి గేదె నోట్లోకి పోతాయి.